సేవకొచ్చినవాళ్లు వెళ్లాక

సెలవులకు విదేశాల నుంచి వచ్చి బడిలో పాఠం చెప్పేవాళ్లు, పిల్లల హోముల్లో పుట్టినరోజులు చేసేవాళ్లు, గోడలకు రంగులేసేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్ల విమానం ఎగిరాక ఊరికి ఏం మిగులుతోంది? పెదపాడు నుంచి అనంతపురం దాకా ఒక పరిశీలన.

డిసెంబరు రెండో వారం దాటిందంటే కలపర్రు టోల్‌గేటు దగ్గర గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే కార్లు ఎక్కువవుతాయి. పైన క్యారియర్ మీద పెద్ద పెద్ద సూట్‌కేసులు, వెనక సీట్లో నిద్రమత్తులో పిల్లలు. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, లండన్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి వస్తారు. కొందరు పెదపాడు వైపు తిరుగుతారు, కొందరు ఏలూరు దాటి తాడేపల్లిగూడెం పోతారు, ఇంకొందరిది కైకలూరు పక్క పల్లె. అరిసెలు, కోడిపందేలు, కొల్లేటి చేపల పులుసు ఎప్పుడూ ఉన్నవే. ఈమధ్య కాలంలో ఆ వరసలో సేవ కూడా చేరింది.

దాని తాలూకు ఫోను నెల ముందే వస్తుంది.

"బాబాయ్, ఈసారి పిల్లల చేత ఊళ్లో ఏదైనా సర్వీసు చేయించాలి. హెడ్మాస్టరుగారితో ఒక మాట చెప్తావా?"

"దానికేం రా అబ్బాయ్, మన బడేగా. ఎన్ని రోజులు?"

"ఓ నాలుగు రోజులు చాలు బాబాయ్. తర్వాత తిరుపతి ప్రోగ్రాం ఉంది."

ఈ మాటల్లో చెడు ఏమీ లేదు. పిల్లలకు ఊరు తెలియాలన్న తపన ఉంది, తాము చదువుకున్న బడికి ఏదో చెయ్యాలన్న ఆరాటం ఉంది. దాని వెనకే కాలేజీ దరఖాస్తు ఆలోచన కూడా ఉంటుంది. అమెరికాలో 2003లో మొదలైన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు తెలుగు సంఘాల్లో అందరికీ తెలిసిన పేరు. 11 నుంచి 15 ఏళ్ల వాళ్లు ఏడాదిలో 100 గంటలు, 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు 250 గంటలు సేవ చేస్తే బంగారు పతకం స్థాయి దక్కేది. సేవను గంటల్లో లెక్కగట్టే అలవాటు అందులో కనిపిస్తుంది. గంటలు చేసినవాడి ఖాతాలో పడతాయి. అవతలివాడి ఖాతాలో ఏం పడిందో రాసే గడి ఏ ఫారంలోనూ కనపడదు.

బడి దగ్గర జరిగేది కొంచెం దగ్గరగా చూద్దాం. గేటుకు ఫ్లెక్సీ కడతారు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలందరినీ ఒకే వరండాలో కూర్చోబెడతారు, ఎందుకంటే వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు విడివిడిగా తరగతులు తీసుకోలేరు. ఇంగ్లీషులో పేరేమిటి, నాన్నగారు ఏం చేస్తారు, నీకు ఇష్టమైన రంగేది. ఆరో తరగతి పిల్ల సిగ్గుపడుతూ చెబుతుంది. తొమ్మిదో తరగతి కుర్రాడు గడగడా చెప్పేస్తాడు, ఎందుకంటే పోయినేడు వచ్చినవాళ్లూ ఇదే అడిగారు. అటు పదో తరగతి వాళ్ల స్పెషల్ క్లాసు ఆగిపోతుంది, ఆ మాస్టారు ఇక్కడ మైకు పట్టుకుని నిలబడాలి కాబట్టి. చివర్లో నోటు పుస్తకాలు, పెన్నులు, చాక్లెట్లు. ఒక్కో పిల్లవాడు వచ్చి పుస్తకం అందుకుని కెమెరా వైపు చూడాలి. ఎండలో వరస కదలడానికి గంట పడుతుంది.

పుస్తకం పనికొస్తుంది. కాదనను. కానీ ఆ బడికి ఏం కావాలో ఎవరైనా అడిగారా అన్నది నా ప్రశ్న. లెక్కల టీచరు ఖాళీ నెలల తరబడి ఉండొచ్చు. ఆడపిల్లల బాత్‌రూముకి నీళ్ల మోటారు కాలిపోయి ఉండొచ్చు. అయిదో తరగతి దాటినా తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు వెనక బెంచీల్లో ఉండొచ్చు. ఇవేవీ ఫొటోలో పడేవి కావు. నాలుగు రోజుల్లో తీరేవీ కావు. ఇవన్నీ హెడ్మాస్టరుకు తెలుసు. ఆయన్ని అడిగేది మాత్రం "ఏ రోజు ఖాళీ?" అని.

ఇది మన ఊళ్లకే వచ్చిన సమస్య కాదు. చదువుకునే కుర్రాళ్లు డబ్బు కట్టి మరీ బీద దేశాలకు వెళ్లి రెండు వారాలు సేవ చేసి రావడం ప్రపంచమంతటా పెద్ద వ్యాపారం. కెన్యాలో బడి కట్టడం, పెరూలో ఇంగ్లీషు చెప్పడం, కంబోడియాలో అనాథ పిల్లలతో ఆడుకోవడం ప్యాకేజీలుగా అమ్ముడవుతాయి. దీన్ని మొహమ్మీదే తప్పుపట్టిన తొలి పెద్దమనుషుల్లో ఆలోచనాపరుడు ఇవాన్ ఇల్లిచ్ ఒకడు. 1968 ఏప్రిల్‌లో, మెక్సికో పల్లెల్లో సేవకు బయల్దేరిన అమెరికన్ విద్యార్థులతో ఆయన సూటిగా చెప్పాడు: మీకు ఈ పల్లెల భాష రాదు, మీ వల్ల వాళ్లకు ఒరిగేది లేదు, చూడ్డానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చెయ్యడానికి మాత్రం రావద్దని. మాట కటువు. నేను అంత దూరం వెళ్లను. అయితే ఆయన మాట దురుసుతనమని కొట్టిపారేసేవాళ్లు హోండురాస్ లెక్క ఒకసారి చూడాలి.

1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను తుడిచిపెట్టింది. ఇళ్లు కట్టడానికి ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందాలు విమానాలెక్కి వెళ్లాయి. అక్కడే ఉంటున్న కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ తర్వాత వెళ్లి ఆ ఇళ్లల్లో ఉన్నవాళ్లతో మాట్లాడి, 2006లో అధ్యయనం ప్రచురించాడు. ప్రయాణాలతో కలిపి విదేశీ బృందాలు ఒక్కో ఇంటికి పెట్టింది దాదాపు 30,000 డాలర్లు. అదే ఇంటిని స్థానిక సంస్థలు దాదాపు 2,000 డాలర్లతో కట్టగలిగేవి. ఇంట్లో ఉంటున్నవాళ్లకు ఎవరు కట్టినా తేడా ఏమీ కనపడలేదు. పైగా అక్కడి తాపీమేస్త్రీలకు ఆ రోజుల్లో కూలి కావాలి. ఇటుక మొయ్యడం ఎన్నడూ ఎరగని చేతులు సముద్రాలు దాటొచ్చి ఇటుకలు మోస్తుంటే, ఇటుక మొయ్యడం వచ్చిన మనిషి పక్కన నిలబడి చూశాడు.

కేకు కోసే రోజు

బడి సంగతి ఎలా ఉన్నా అక్కడ జరిగే నష్టం తక్కువ. నాకు నిజంగా భయం వేసేది పిల్లల హోముల దగ్గర.

మన జిల్లాల్లో ఇదొక ఆచారంలా స్థిరపడింది. మనవడి పుట్టినరోజు, నాన్నగారి వర్ధంతి, పెళ్లిరోజు, ఏదైనా సరే అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం. అన్నం పెట్టడం మన రక్తంలో ఉన్న గుణం, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. విదేశం నుంచి వచ్చినవాళ్లు దానికి కేకు, ఆటలు, కబుర్లు కలుపుతారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, తామెన్నడూ చూడని ఒక పిల్లవాడికి పుట్టినరోజు పాట పాడిస్తారు. ఆ పిల్లల్లో కొందరికి తాము పుట్టిన తేదీ కచ్చితంగా తెలియదు. కేకు మీద కొవ్వొత్తి ఊదేది వచ్చినవాడు, చప్పట్లు కొట్టేది వీళ్లు. పెళ్లిళ్ల నెలలోనో సెలవుల్లోనో అయితే ఇలాంటివి వారానికి రెండు మూడు కూడా జరగొచ్చు. చిన్నపిల్లలు వచ్చినవాళ్ల వేలు పట్టుకుని వదలరు, ఒళ్లోకి ఎక్కేస్తారు. ఎంత ప్రేమగా ఉన్నారో అని మనం కరిగిపోతాం. పిల్లల మనసు చదివినవాళ్లు దీన్ని మరోలా చూస్తారు. కొత్త మనిషి ఎవరొచ్చినా నిమిషంలో అతుక్కుపోవడం, నిలకడైన మనిషి దొరకని పిల్లలో కనిపించే లక్షణం. దక్షిణాఫ్రికా పరిశోధకురాలు లిండా రిక్టర్, ఆమీ నార్మన్‌తో కలిసి 2010లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: వచ్చిపోయే వాలంటీర్లకు దగ్గరవడం, వాళ్లు వెళ్లిపోవడం పదే పదే జరిగితే చిన్నపిల్లలకు అది మరో దెబ్బ.

అసలు ఆ హోముల్లో ఉన్నవాళ్లంతా అనాథలా? కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అక్కడి పిల్లల్లో నూటికి డెబ్భై మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి 2011లో తేల్చాయి. యుద్ధం ఏమీ రాలేదు, మహమ్మారీ రాలేదు. పెరిగింది పర్యాటకులు. చూడ్డానికి వచ్చేవాళ్లు, డబ్బు ఇచ్చేవాళ్లు ఉంటే, చూపించడానికి పిల్లలు కావాలి. పల్లెల్లో తల్లిదండ్రులకు చదువు చెప్పిస్తామని ఆశపెట్టి తీసుకొచ్చారు. నేపాల్లోనూ ఇదే కథ నడిచింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు, డబ్బు కోసం పిల్లల్ని అనాథాశ్రమాలకు తరలించడాన్ని కూడా ఆ నేరాల్లో ఒకటిగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సమావేశం ఈ హోములకు సాగే సేవాయాత్రల వల్ల పిల్లలకు కలిగే హానిని తన తీర్మానంలో ప్రస్తావించింది.

మన దగ్గర పరిస్థితి కంబోడియా అంత బరితెగించిందని నేను అనడం లేదు. కానీ గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఇక్కణ్నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లడం దశాబ్దాలుగా ఉంది. తల్లి గల్ఫ్‌లో ఉంటుంది, తండ్రి తాగుడులోనో ఇంకో ఊళ్లోనో ఉంటాడు, అమ్మమ్మకు ఒంట్లో బాగుండదు. పిల్ల హోములో చేరుతుంది. మనం కేకు తీసుకెళ్లి అనాథ అని పిలిచే ఆ పిల్లకు రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో మాట్లాడే అమ్మ ఉంది. ఆ పిల్లకు కావలసింది మన కేకు కాదు, అమ్మమ్మ దగ్గర ఉండగలిగే దారి.

ఆ దారి చట్టంలో ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం హోమును ఆఖరి మార్గంగానే చూడాలి, కుటుంబానికే మొదటి చోటు. మిషన్ వాత్సల్య కింద అర్హత ఉన్న పిల్లవాణ్ణి ఇంటి దగ్గరే ఉంచి చదివించడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. తండ్రి పోయిన పిల్లలు, బంధువుల దగ్గర పెరిగే అనాథలు దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి చూసే పని ఇది. కాగితాలు సమకూర్చడమే చాలామంది అమ్మమ్మలకు చేతకాదు. ఆధార్ ఒకచోట, మరణ ధ్రువపత్రం ఇంకోచోట, బ్యాంకు ఖాతా మూతపడి ఉంటుంది. నలుగురు మనుషుల విమానం టిక్కెట్లకు లక్షలు పెట్టి వచ్చినవాళ్లు, ఒక అమ్మమ్మను వెంటబెట్టుకుని రెండు రోజులు ఏలూరు కలెక్టరేటు చుట్టూ తిరిగితే, ఆ పిల్ల హోముకు పోకుండా ఆగే వీలుంది. దీనికి ఫ్లెక్సీ కట్టలేం.

ఇంకొక్క మాట. అదే చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదంటుంది. ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. హోములో పిల్లల భుజం మీద చెయ్యేసి తీసి స్టేటస్‌లో పెట్టుకునే ఫొటో ఈ గీత దాటుతుందన్న ఆలోచన చాలామందికి రాదు. అమెరికాలో తమ పిల్ల చదివే బడిలోకి ఎవరో కొత్త మనిషి వచ్చి ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో తీస్తే అదే తల్లిదండ్రులు పోలీసులకు ఫోను చేస్తారు. ఇక్కడి పిల్లకు అంతకన్నా తక్కువ రక్షణ చాలని ఎవరు చెప్పారు?

ఉండిపోయినవాళ్లు

తెలుగు నేలకు బయటినుంచి సేవకు వచ్చినవాళ్లు కొత్త కాదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన ఆనా కుగ్లర్ వైద్యురాలు. ఆమెను పంపిన మిషనరీ బోర్డు వైద్యానికి ఒప్పుకోలేదు, చదువు చెప్పమంది. ఆమె చెప్పింది, తెలుగు నేర్చుకుంది, వైద్యమూ చేసింది, 1898కి ఆసుపత్రి కట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మన ఏలూరుకు ఆ కథలో చోటుంది. సాహిత్యాభిమాని, 'మంజువాణి' పత్రిక నడిపిన జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహదూర్ కుటుంబం ఆమె దగ్గర వైద్యం పొందింది. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించాడు, హిందూ రోగుల వెంట వచ్చే బంధువులు బస చెయ్యడానికి. రోగికి మంచం ఆసుపత్రి ఇస్తుంది, కూడా వచ్చిన తల్లి ఎక్కడ వండుకుంటుంది, ఎక్కడ పడుకుంటుంది? ఊరి మనిషి కాబట్టి ఆ అవసరం ఆయనకు తట్టింది. ఆ అమెరికన్ డాక్టరమ్మ దాన్ని సంతోషంగా కానిచ్చింది. ఆ తరం మిషనరీలు వైద్యంతో పాటు మతం కోసం కూడా వచ్చారు, దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. నేను చూసేది వాళ్లున్న కాలాన్ని. కుగ్లర్ ఉన్నది దాదాపు 47 ఏళ్లు.

1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు స్విట్జర్లాండ్ ఇంజనీరు పియర్ సెరెసోల్ వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో శిథిలమైన ఫ్రాన్స్ పల్లెను తిరిగి కట్టడానికి 1920లో జర్మన్లతో సహా కొందరిని పోగుచేసి, నేడు సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అని పిలిచే సంస్థకు నాంది పలికింది ఆయనే. ముజఫర్‌పూర్ ప్రాంతంలో ముంపు ఊళ్లను ఎత్తయిన చోట మళ్లీ కట్టే పనిలో ఆయన, కొద్దిమంది మిత్రులు 1937 దాకా దఫాలుగా పనిచేశారు. తర్వాత 1961 నుంచి 1976 దాకా అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు మన దేశంలో కోళ్ల పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం పనుల్లో ఉన్నారు. రెండేళ్ల గడువు, ముందుగా భాష నేర్చుకోవాలి. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో అలాగే వచ్చి ముంబైలోని విఖ్రోలీలో నర్సుగా పనిచేసింది. ఇప్పుడు మన ఈ-టూరిస్ట్ వీసా మీద, పైసా తీసుకోకుండా, నెల మించకుండా సేవ చేయనిస్తారు. ఆ నెలే ఎక్కువైపోయి, నాలుగు రోజులకు దిగింది.

తెలుగునాట ఈ విషయం మాట్లాడితే అనంతపురం తలుచుకోకుండా కుదరదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో ముంబై వచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ రైతులతో బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచిపొమ్మన్నారు. మరుసటేడు తిరిగొచ్చి కరువు జిల్లా అనంతపురంలో దిగాడు, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) పెట్టాడు, 2009 జూన్ 19న అక్కడే పోయాడు. బత్తలపల్లి ఆసుపత్రి, బళ్లు, ఇళ్లు అన్నీ స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు నెలనెలా పంపే చిన్న మొత్తాల మీద లేచాయి. ఆ కుటుంబాలు తాము సాయం చేసే పిల్లల ఊళ్లు చూడ్డానికి వస్తుంటాయి. స్పెయిన్ డాక్టర్లూ వచ్చి కొంతకాలం పనిచేసి వెళ్తారు. తేడా ఎక్కడుందంటే, వాళ్లకు వెంట ఉండి మాట చెప్పేది అనంతపురం కుర్రాళ్లే. ఆర్డీటీ నడిపే భాషా పాఠశాలలో స్పానిష్ నేర్చుకున్న పల్లె పిల్లలు వాళ్లు. సిబ్బందిలో అత్యధికులు ఆ జిల్లా మనుషులు. ఏ ఊరికి ఏం కావాలో చెప్పేది అక్కడే ఉండే కార్యకర్త. అతిథి వస్తాడు, చూస్తాడు, వెళ్తాడు. పని ఆగదు, ఎందుకంటే పని అతిథి చేతుల్లో ఎప్పుడూ లేదు.

ఇదే నేను ఈ కథనంలో చెప్పదలచింది. బయటినుంచి వచ్చినవాళ్లు పిల్లవాడి ముందు కాదు నిలబడాల్సింది. ఆ పిల్లవాడి దగ్గర ఏడాదంతా ఉండే మనిషి వెనక నిలబడాలి. ఆ మనిషి టీచరు కావచ్చు, అంగన్‌వాడీ కార్యకర్త కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, హోములో వంట చేసే ఆమె కావచ్చు.

సోమవరప్పాడు నుంచి బయల్దేరిన మనిషి

దీనికి మన గుమ్మం ముందే పెద్ద ఉదాహరణ ఉంది. ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1908లో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు సినిమా పిచ్చితో చిన్న వయసులోనే బొంబాయి పోయాడు. ఎల్.వి.ప్రసాద్ అయ్యాడు. దేశంలో పేరున్న నిర్మాత, దర్శకుడు. ముసలితనంలో ఆయనకు సేవ చెయ్యాలనిపించింది. అమెరికాలో కళ్ల వైద్యం చేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో ఒక సంస్థ కట్టాలని చూస్తున్నాడు. ప్రసాద్ బంజారాహిల్స్‌లో అయిదెకరాలు, కోటి రూపాయలు ఇచ్చాడు. 1987 నుంచి ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పనిచేస్తోంది.

ఊళ్లో కంటి శిబిరం పెట్టించడం ప్రసాద్‌కు చాలా తేలిక. ఒకప్పుడు కంటి సేవ అంటే అదే. బడి గదిలో బల్లలు వేసి, వరసగా శుక్లాల ఆపరేషన్లు చేసి, డాక్టర్లు సాయంత్రం కారెక్కేవాళ్లు. మర్నాడు కట్టు కిందనుంచి చీము కారితే ఎవరు చూడాలి? ఆ అనుభవాలతోనే ప్రభుత్వం కూడా శిబిరాల్లో కోతలు మాన్పించి, శిబిరంలో పరీక్ష చేసి ఆపరేషన్‌కు ఆసుపత్రికి తీసుకెళ్లే పద్ధతికి వచ్చింది.

నాగేశ్వరరావుగారి సంస్థ ఇంకో అడుగు వేసింది. 50,000 మంది జనాభాకు ఒక విజన్ సెంటర్. అందులో ఉండేది పెద్ద డాక్టరు కాదు, ఇంటర్ చదివిన అక్కడి కుర్రాడో అమ్మాయో. ఏడాది శిక్షణ ఇస్తారు. కళ్లు పరీక్ష చేసి అద్దాలు ఇవ్వడం, ఆపరేషన్ కావలసినవాళ్లను పై ఆసుపత్రికి పంపడం వాళ్ల పని. అయిదు లక్షల జనాభాకు ఆపరేషన్ చేసే పై ఆసుపత్రి ఒకటి. ఇలాంటి పై ఆసుపత్రి మొదట 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్లో వచ్చింది. విదేశీ నిపుణులు ఈ సంస్థకు వస్తూనే ఉంటారు. వాళ్లు నేర్పుతారు, నేర్చుకుంటారు. ఊళ్లో ముసలమ్మ కంటికి అద్దం పెట్టేది మాత్రం ఊరి పక్క పిల్లే. అద్దం వదులైతే రేపు మళ్లీ వెళ్తే అదే పిల్ల ఉంటుంది.

పిల్లలకు సేవ నేర్పాలనుకునే ప్రవాస తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. మీ డబ్బు మీ పిల్లల చేతులకన్నా ఎక్కువ పని చేస్తుంది. దాన్ని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. బడిలో ఖాళీగా ఉన్న లెక్కల పోస్టుకు ఊరి బీఎడ్ అమ్మాయిని ఏడాదికి జీతమిచ్చి పెట్టండి. పేరెంట్స్ కమిటీ ద్వారా, హెడ్మాస్టరు ఒప్పుకున్న పద్ధతిలో. ఏడాది తర్వాత మళ్లీ ఇవ్వండి. మీ అబ్బాయికి చదివించడం ఇష్టమైతే, ఆ అమ్మాయితో వారానికి ఒకసారి అమెరికా నుంచి వీడియోలో మాట్లాడి, ఆమె అడిగిన అభ్యాసాలు తయారుచేసి ఇవ్వమనండి. అలాంటి పని మొదటి నెలలోనే విసుగు పుట్టిస్తుంది. సేవలో సగం ఆ విసుగే. ఆ కుర్రాడు రెండేళ్లు నిలబడితే కాలేజీకి రాయడానికి అతని దగ్గర నిజమైన సంగతి ఉంటుంది.

రెండు రోజులకు సరిపోయే పని అసలు లేదా అంటే, ఉంది. అందుకు కొల్లేరు పోవాలి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైన ఈ సరస్సు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 1987లో మొదలై ఆసియా అంతటా విస్తరించిన నీటిపక్షుల లెక్క ఏటా జనవరిలో జరుగుతుంది. ఆటపాక దగ్గర గూడబాతుల కాలనీ, పక్కన చేపల చెరువులు, లంకల మధ్య నీళ్లు. ఉదయాన్నే దుర్భిణి పట్టుకుని, ఒకే చోట నిలబడి, జాతివారీగా అంకెలు రాసుకోవాలి. పడవ నడిపే స్థానికుడికి, అటవీశాఖ కాపలాదారుకు పక్షులు బాగా తెలుసు, వాళ్ల పక్కన నిలబడి రాసేవాడు కావాలి. ఇక్కడ సెలవులకు వచ్చిన కుర్రాడికి పనుంది, ఎందుకంటే పద్ధతి ముందే ఉంది, అడిగేవాళ్లు ముందే ఉన్నారు, మరుసటి జనవరిలో ఇంకొకడు వచ్చి రాసినా లెక్క తెగిపోదు. ఏ పిల్లవాడూ వెనక ఎదురుచూడడు.

మన వంతు

ఇదంతా ఎన్నారైలను నిలదీయడానికి రాసిందనుకుంటే పొరపాటు. ఏలూరులో, వట్లూరులో, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివే పిల్లలు, మన క్లబ్బులవాళ్లు, మన ఆఫీసులవాళ్లు వ్యాను నింపుకుని ఏజెన్సీకి వెళ్తారు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు మునిగినప్పుడు వెళ్లినవాళ్లు చాలామంది. ఆకలి మీదున్నప్పుడు అన్నం ప్యాకెట్టు పట్టుకెళ్లడం ధర్మం, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత వెళ్లే వ్యాన్ల సంగతి వేరు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి కుళ్లాయి. మునిగిన మనిషి పరువు మునగలేదని బట్టలు పంపినవాళ్లు ఆలోచించలేదు. వాడిన చీరలు ఎవరూ ముట్టుకోలేదు. అదే తప్పు మన కొండల్లో మనం చేస్తున్నామేమో చూసుకోవాలి. ఏలూరు నుంచి వెళ్లిన మనకూ అక్కడి కోయ మాట రాదు. మనమూ దుప్పటి ఇస్తూ ఫొటో తీయించుకుంటాం.

పోలవరం ముంపు ఊళ్ల నుంచి లేచొచ్చినవాళ్లను జంగారెడ్డిగూడెం మండలం తాడువాయి పునరావాస కాలనీలో పెట్టారు. అడవి, నది, పొలం వదిలి వరస ఇళ్లలోకి వచ్చిన కుటుంబాలు. అక్కడ అంగన్‌వాడీ నడిపే ఆమె దగ్గర ఏ బిడ్డ బరువు తగ్గిందో, ఏ ఇంట్లో రేషన్ కార్డు పాత ఊరి పేరు మీదే ఉండిపోయిందో, ఏ పిల్ల బడి మానేసి మిరపకోతకు వెళ్తోందో పుస్తకంలోనో నోటిలోనో ఉంటుంది. వ్యాను నింపే ముందు ఆమెను అడగాలి, ఆమె చెప్పినదే చెయ్యాలి, నెలకోసారి మళ్లీ వెళ్లాలి. ఏలూరు నుంచి తాడువాయి దాదాపు రెండు గంటల దారి, జంగారెడ్డిగూడెం దాకా ఆర్టీసీ బస్సు ఉంది.